చేతివేగం బయటపెట్టిన లోపం: థెరాక్-25, మాన్యువల్ టెస్టింగ్

సాఫ్ట్‌వేర్ నాణ్యతా చరిత్రను వివరించేటప్పుడు మాన్యువల్ టెస్టింగ్‌ను స్వయంచాలక పరీక్షలకు ముందు దశగా, క్రమేణా అవసరం తీరిపోయిన పద్ధతిగా పేర్కొనడం పరిపాటి. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో థెరాక్-25 ఉదంతం ఆధారంగా పరిశీలించవచ్చు.

కెనడా ప్రభుత్వరంగ సంస్థ ఎ.ఇ.సి.ఎల్. తయారుచేసిన ఈ కేన్సర్ చికిత్సా యంత్రం 1985 జూన్, 1987 జనవరి మధ్య ఆరుగురికి మోతాదు మించిన రేడియేషన్ ఇచ్చింది. పాత నమూనాల్లో విడిగా ఉన్న భద్రతా పరికరాలను తొలగించి, ఆ బాధ్యతను ఇందులో సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. పరీక్షల సంగతి అడిగితే, వినియోగదారుల సమావేశంలో సంస్థ నాణ్యతా విభాగాధిపతి 2,700 గంటలు పరీక్షించామన్నారు. గట్టిగా ప్రశ్నించగా అవి 2,700 గంటల వినియోగమని సవరించుకున్నారు. వాడకాన్ని పరీక్షగా లెక్కగట్టడం ఆ కాలానికే పరిమితమైన అలవాటు కాదు.

1986 మార్చి 21న టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్‌లో ఆపరేటర్ ఎలక్ట్రాన్ చికిత్సకు ‘ఇ’ బదులు ‘ఎక్స్’ కొట్టి, వెంటనే సరిదిద్దారు. తెరపై ‘మాల్‌ఫంక్షన్ 54’ అని కనిపించింది. 180 రాడ్‌లు అందవలసిన రోగికి వేల రాడ్‌లు అందాయి. సంస్థ ఇంజనీర్లు వచ్చి రోజంతా పరీక్షించినా లోపం బయటపడలేదు. ఏప్రిల్ 11న అదే ఆపరేటర్ విధుల్లో ఉండగా అదే పునరావృతమైంది. ఆ రోగులిద్దరూ మరణించారు.

అప్పుడు ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్, ఆ ఆపరేటర్ యంత్రం ముందు కూర్చుని, ఆమె చేసిన పనులన్నీ అదే వరుసలో పదేపదే చేసి చూశారు. కీలకం టైపు చేసే వేగమని తేలింది. అయస్కాంతాల అమరికకు పట్టే సుమారు 8 సెకన్లలోపే దిద్దుబాటు ముగిస్తే ప్రోగ్రామ్ దాన్ని గుర్తించేది కాదు. తెర మాత్రం దిద్దిన వివరాన్నే చూపేది. చేయి తిరిగిన ఆపరేటర్ వేగాన్ని అందుకోవడానికి హేగర్ సైతం సాధన చేయవలసి వచ్చింది. ఇంజనీర్లు చేసినదీ మాన్యువల్ పరీక్షే. వారి చేతులకు ఆ పని అలవాటు లేదు. 8 సెకన్ల సంగతి తెలిశాక స్వయంచాలక పరీక్ష రాయడం కష్టమేమీ కాదు. తెలిసేవరకు ఏమి రాయాలో ఎవరికీ తోచదు.

ఇదే లోపం పాత థెరాక్-20లోనూ ఉంది. షికాగోలో కొత్త విద్యార్థులు చేరినప్పుడల్లా ఆ యంత్రం ఫ్యూజులు తరచుగా పోయేవి. వారు నిర్ణీత క్రమం పాటించక తోచినట్లు మీటలు నొక్కేవారు. విడి భద్రతా పరికరాలు ఉన్నందున అక్కడ ఎవరికీ హాని కలగలేదు. ఫ్యూజులు ఎందుకు పోతున్నాయో టైలర్ వార్త విన్న తరువాతే అక్కడివారికి అర్థమైంది.