సెప్టెంబర్ 17కి అటూ ఇటూ

బెంగళూరు మారతహళ్ళి చుట్టుపక్కల ఆఫీసుల్లో పాత నిజాం రాజ్యం మొత్తం ఒకే ఫ్లోర్ మీద కూర్చుని పనిచేస్తుంటుంది. నల్గొండ, వరంగల్ నుంచి వచ్చినవాళ్లు, బీదర్, కలబురగి, రాయచూరు వాళ్లు, నాందేడ్, లాతూర్ వాళ్లు. వాళ్ల తాతలందరిదీ ఒకే రాజ్యం, ఒకే నాణెం. 1948లో నిజాం లొంగిపోయిన సెప్టెంబర్ 17 వచ్చిందంటే మాత్రం ఒక్కొక్కరి ఫోన్లోకి ఒక్కో పండుగ శుభాకాంక్షలు వస్తాయి. మహారాష్ట్రలో అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. కర్ణాటకలో 2019 నుంచి కల్యాణ కర్ణాటక ఉత్సవం. మన హైదరాబాద్ సంగతి చెప్పక్కర్లేదు. 2022లో ఒకే రోజు, ఒకే నగరంలో కేంద్రం విమోచన దినం జరిపితే రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2024కి అది ప్రజాపాలన దినోత్సవమైంది.

పేరు మీద ఇంత పేచీ ఎందుకంటే, ఆ తేదీకి అటు చచ్చిపోయినవాళ్లను ఒకరు లెక్కపెడుతున్నారు, ఇటు చచ్చిపోయినవాళ్లను ఇంకొకరు లెక్కపెడుతున్నారు. రెండు వైపులా ఒకే కొలతతో లెక్కపెట్టిన పుస్తకం ఇన్నేళ్లలో తయారు కాలేదు.

ముందు అటువైపు. 1948 ఆగస్టు 27న తెలంగాణలోని భైరాన్‌పల్లి ఊరి మీద, నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్లు, నిజాం బలగాలు కలిసి పడ్డాయి. అంతకుముందు వచ్చిన దాడులను ఊళ్లోవాళ్లు బురుజు మీద కాపలా పెట్టి, నగారా మోగించి తిప్పికొట్టారు. ఈసారి వచ్చినవాళ్లు ఫిరంగి తెచ్చారు. బురుజు చేజారాక మగవాళ్లను పట్టుకొచ్చి, వరసలో నిలబెట్టి కాల్చారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. చనిపోయినవాళ్లు 96 మంది అని కొందరు రాస్తారు, 118 అని కొందరు. ఒక్క ఊరు, ఒక్క రోజు, స్మారకం కూడా ఉన్నచోటే అంకె ఒకటి కాలేదు. అదే సంవత్సరం మే నెలలో బీదర్ జిల్లా గోర్టాలో రజాకార్లు జరిపిన ఊచకోతలో సుమారు 200 మంది పోయారని చెబుతారు. అక్కడి స్మారకాన్ని 2023లో, కర్ణాటక ఎన్నికలకు కాస్త ముందు, కేంద్ర హోంమంత్రి ఆవిష్కరించారు. స్మారకం కట్టడంలో తప్పేమీ లేదు. దానికి కుదిరిన ముహూర్తమే కాస్త ఆలోచింపజేస్తుంది.

ఈ కథను హిందూ ముస్లిం పద్దు కింద రాసేయాలనుకునేవాళ్లకు ఇద్దరు అడ్డం పడతారు. ఒకరు షోయబుల్లా ఖాన్. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు. రజాకార్ల మీద, భారత్‌లో విలీనం కావాలంటూ ఉర్దూలో రాసినందుకు 1948 ఆగస్టు 22 తెల్లవారేలోపు హైదరాబాద్ వీధిలో ఆయన్ను చంపారు, రాసిన చెయ్యిని నరికారు. రెండో మనిషి షేక్ బందగీ. విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకాలో భూమి కోసం కోర్టుకెక్కిన రైతు. ఆయన్ను చంపించింది నిజాం కాదు, హిందూ దొర. ‘మా భూమి’ నాటకానికి మూలం ఆయన కథే. మతం ప్రకారం గళ్లు గీస్తే ఈ ఇద్దరూ ఏ గడిలోనూ ఇమడరు.

ఇక ఇటువైపు. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరయ్యారు. మన పల్లెల్లో దాన్ని ఇప్పటికీ ‘పోలీస్ యాక్షన్’ అనే అంటారు, సైన్యం వచ్చినా సరే. ఆ తరువాతి వారాల్లో రజాకార్లకు ఏ సంబంధమూ లేని ముస్లింల మీద ప్రతీకారం మొదలైంది. కబుర్లు ఢిల్లీకి చేరాయి. నెహ్రూ ఒక సద్భావనా బృందాన్ని పంపారు. నాయకుడు పండిత్ సుందర్‌లాల్, బ్రిటిష్ వాళ్లు నిషేధించిన చరిత్ర పుస్తకం రాసిన అలహాబాదు గాంధేయవాది. తోడుగా హైదరాబాద్ ‘పయామ్’ పత్రిక స్థాపకుడు ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ.

నవంబర్ 29న దిగి డిసెంబర్ 21న తిరిగి వెళ్లారు. మూడు వారాల్లో 16 జిల్లాలకు 9 తిరిగారు, 21 పట్టణాలు, 23 ఊళ్లు చూశారు. వెళ్లలేకపోయిన మరో 109 ఊళ్ల నుంచి ఐదు వందల మందికి పైగా పిలిపించి అడిగారు. ఎంత తక్కువగా వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని తేల్చారు. అందులో 18 వేలకు పైగా ఉస్మానాబాద్, గుల్బర్గా (ఇప్పటి కలబురగి), బీదర్, నాందేడ్ అనే నాలుగు జిల్లాల్లోనే. చాలా చోట్ల శవాలతో నిండి కుళ్లుతున్న బావులు చూశారు. ఒక బావిలో పదకొండు శవాలు లెక్కపెట్టారు. వాటిలో ఒక తల్లి, ఆమె రొమ్ముకు కరుచుకున్న బిడ్డ.

నివేదికలో నాకు నచ్చేది, తమ వాదానికి ఇబ్బంది అయినవి కూడా రాయడం. రజాకార్లు అంతకుముందు చేసిన హత్యలు, లూటీలు రాశారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలో చేతులు కలిపారని రాశారు. పక్కింటి ముస్లింలను దాచి కాపాడిన హిందువుల గురించీ, తోటి ముస్లిం సాలెలకు అడ్డు నిలిచిన హిందూ సాలెల గురించీ రాశారు.

లోపం కూడా చెప్పుకోవాలి. బృందాన్ని పంపింది మనసులు కలపడానికి, విచారణ జరపడానికి కాదు. చూసిన ఊళ్ల నుంచి రాజ్యమంతటి అంకెకు ఏ లెక్కన వచ్చారో వివరంగా లేదు. చనిపోయినవాళ్ల పేర్ల పట్టిక లేదు. 27కూ 40కీ మధ్య పదమూడు వేల మంది తేడా అంటే భైరాన్‌పల్లి లాంటివి నూటికి పైగా. సర్దార్ పటేల్‌కు ఈ పని నచ్చలేదు, బృందం తన పరిధి దాటిందన్నారు. ప్రభుత్వం నివేదికను అచ్చు వేయలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ కొంత భాగం బయటపెట్టారు, 2013లో ఎ.జి. నూరానీ పుస్తకంలో మరింత వచ్చింది. దాచినన్నాళ్లూ రెండు లక్షలని ఒకరు, అసలేమీ జరగలేదని ఒకరు, ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. ప్రభుత్వం ఆనాడే అచ్చు వేసి, తప్పుంటే చూపించమని సవాలు చేసి ఉంటే ఈ రెండు మాటలకూ అంత చెల్లుబాటు ఉండేది కాదు.

మూడో పద్దు కూడా ఉంది, అది మన తెలంగాణదే. రజాకార్లు పోయాక సైన్యం కమ్యూనిస్టుల మీదికి మళ్లింది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మొదలైనప్పటి నుంచి 1951 అక్టోబరులో విరమించేదాకా నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆయన రాసింది పార్టీ మనిషిగా. దళాలు ఇన్‌ఫార్మర్లన్న అనుమానంతో చంపినవాళ్ల పట్టిక అంత శ్రద్ధగా ఎవరూ తయారు చేయలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ విషయంలో మెరుగు. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు పోలీసులు పెట్టిన హింసనూ చెప్పారు, పార్టీ తమను చూసిన తీరునూ దాచలేదు.

నిష్పక్షపాతం అంటే తప్పును చెరిసగం పంచడమని మన టీవీ చర్చల్లో ఒక నమ్మకం ఉంది. అది తప్పని తెలియాలంటే బోస్నియా చూడండి. 1992-95 యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారన్న మాట ఏళ్ల తరబడి నడిచింది. సరయేవోలోని ఒక పరిశోధన కేంద్రంలో మిర్సాద్ తొకాచా బృందం ఏ జాతివాళ్లయినా సరే, సైనికులైనా పౌరులైనా సరే, పేరు పేరునా నమోదు చేసింది. 2007లో ప్రకటించిన అంకె 97,207. అంకె తగ్గించి మాకు ద్రోహం చేశారని బోస్నియా ముస్లింలలోనే కొందరు మండిపడ్డారు. కానీ చనిపోయిన పౌరుల్లో ఎనభై శాతానికి పైగా బోస్నియా ముస్లింలేనని అదే పట్టిక తేల్చింది. పేర్లతో సహా ఉంది కాబట్టి కొట్టిపారేయడం ఎవరి తరమూ కాలేదు.

మన దగ్గర ఆ పని ఎందుకు కాలేదంటే ఒక కారణం 1956. నవంబర్ 1న నిజాం రాజ్యం మూడు ముక్కలైంది. బీదర్, గుల్బర్గా, రాయచూరు మైసూరులోకి, ఐదు మరాఠీ జిల్లాలు బొంబాయిలోకి పోయాయి. ఎక్కువ మంది చచ్చిపోయిన నాలుగు జిల్లాల్లో ఒక్కటీ తెలుగు జిల్లా కాదు. హైదరాబాద్‌లో ఏటా జరిగే తగాదా చాలావరకు ఎక్కడో జరిగినదాని మీద, ఆ ఊళ్లవాళ్లను అడగకుండా జరుగుతోంది. ఇంకో కారణం కాగితం. నిజాం వ్యతిరేక సరిహద్దు క్యాంపుల్లో పనిచేసినవాళ్లకు తరువాత సమరయోధుల పింఛను వచ్చింది, కాబట్టి సాక్షులతో, సంతకాలతో ఫైళ్లున్నాయి. బావిలో పడినవాళ్ల తరఫున దరఖాస్తు పెట్టుకునే పథకం ఏదీ రాలేదు.

ఇప్పుడు మొదలుపెట్టినా పట్టిక తయారవుతుంది, తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ వచ్చినవాళ్లు కలిసి దిగితే. పోయి ‘ఎంతమంది చచ్చిపోయిన్రు?’ అని అడిగితే గుండు సున్నాలున్న అంకె వస్తుంది. మీ ఇంటికి కుడిపక్క ఎవరుండేవాళ్లు, పోలీస్ యాక్షన్ అయినంక ఆ ఇల్లు ఎవరి పేర మారింది, ఊరి బావుల్లో ఏది పూడ్చారు, ఎందుకు పూడ్చారు అని అడగాలి. చెప్పింది కళ్లతో చూసిందా, విన్నదా అన్నది విడిగా రాసుకోవాలి. చెప్పినదాన్ని రెవెన్యూ రికార్డుతో సరిచూడాలి. భైరాన్‌పల్లిలోనూ, గుల్బర్గా పల్లెలోనూ అడిగే ప్రశ్నలు ఇవే అయి ఉండాలి. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గర పడ్డాయి.