పినాంగు పాత ఇళ్లు – అద్దె చట్టం

మన తాత ముత్తాతలలో పలువురు ఈ దేశానికి వచ్చినప్పుడు ఓడ దిగినది పినాంగు రేవులోనే. 1786లో ఆంగ్లేయులు నెలకొల్పిన జార్జిటౌన్ వీధులలో వరుసగా నిలిచిన పాత అంగడి ఇళ్లను చూడనివారు మనలో అరుదు. కింద దుకాణం, మేడమీద కాపురం, ముందు ఐదడుగుల నడవ, నడుమ మన మండువాను తలపించే గాలీ వెలుతురూ. ఈ ఇళ్లు ఇన్నాళ్లు ఎందుకు నిలిచాయి? ఎందుకు శిథిలమయ్యాయి? రెండు ప్రశ్నలకూ జవాబులో పెద్దభాగం ఒక్కటే – అద్దె నియంత్రణ చట్టం.

యుద్ధానంతరం ఇళ్ల కరువు తీవ్రంగా ఉండేది. బీదసాదలకు నీడ పోకూడదని అద్దెలకు కళ్లెం వేశారు. 1966 నాటి చట్టం, 1948 జనవరి 31 నాటికి కట్టి ఉన్న కట్టడాలకు వర్తించింది. ఉద్దేశం మంచిదే. కాని వచ్చే అద్దె పైకప్పు మరమ్మతుకైనా చాలని ఇళ్లు ఎన్నో. "నాకేమి గిట్టుబాటు?" అన్నాడు యజమాని. "ఇల్లు నాది కాదు గదా!" అన్నాడు అద్దెకున్నవాడు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన సామెత. పెంకు జారితే వాననీరు దూలానికి దిగుతుంది. దూలం పుచ్చితే గోడ కుంగుతుంది. పగుళ్లలో రావిమొక్క వేరు పాతుకుంటుంది.

అయితే ఇదే చట్టం మరొక విధంగా ఆ ఇళ్లను కాపాడింది. ఉన్నవారిని కదిలించడం తేలిక కానందున, పడగొట్టి పెద్ద భవంతులు లేపడం కూడా తేలిక కాలేదు.

1997లో చట్టాన్ని రద్దుచేసి, 1999 చివరి వరకు గడువిచ్చారు. పినాంగులో దాదాపు పన్నెండు వేల కట్టడాలకు ఆ రక్షణ తొలగిపోయింది. 2000లో అద్దెలు ఒక్కసారిగా ఎగిశాయి. తరాలుగా ఉన్న కుటుంబాలు, చేతివృత్తులవారు ఊరి వెలుపలికి తరలిపోయారు. ఖాళీ అయిన కొన్ని ఇళ్లలో గూళ్ల వ్యాపారం కోసం స్విఫ్ట్‌లెట్ పక్షులను చేర్చారు. 2008లో మలక్కాతో పాటు జార్జిటౌన్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవం దక్కింది. దానితో డబ్బు వచ్చింది, మరమ్మతులూ వచ్చాయి. హోటళ్లూ కాఫీ దుకాణాలూ వెలిశాయి. తెలియక పాత సున్నపు గోడలకు సిమెంటు పూసినచోట మాత్రం చెమ్మ బయటికి పోలేక ఇటుక లోలోపలే పొడి అయింది.

అద్దె మరీ తక్కువైతే గోడ కూలుతుంది. హద్దు లేకుండా పెరిగితే గోడ నిలిచి మనిషి పోతాడు. అద్దెను ఏటేటా కొద్దికొద్దిగా పెంచనిచ్చి, ఆ పెంపును మరమ్మతుతో ముడిపెట్టి, లేనివారి భారంలో కొంత ప్రభుత్వం మోసి ఉంటే రెండూ దక్కేవేమో. రద్దుకు ఇచ్చిన రెండేళ్ల పైచిలుకు గడువు ఆ పనికి ఉపయోగపడలేదు.

ఈసారి పినాంగు వెళ్లినప్పుడు రంగులు వేసిన ముఖద్వారాలను చూసి ఆగిపోకండి. మేడమీద కిటికీలో దీపం వెలుగుతున్నదా, ఎవరైనా కాపురమున్నారా అన్నది కూడా చూడండి. వారసత్వంలో అదీ భాగమే.