యులిసీస్ నవల: చిత్రములు, టీకలు

జేమ్స్ జాయిస్ రచించిన యులిసీస్ నవల 1922 ఫిబ్రవరి 2వ తేదీన పారిస్ నగరమున వెలువడినది. అందు పదునెనిమిది ప్రకరణములు గలవు. కాని వానికి శీర్షికలు లేవు. కాలిప్సో, సైక్లాప్స్, నౌసికా అని విమర్శకులు వ్యవహరించు పేర్లు ముద్రితగ్రంథమున ప్రకరణముల తలమీద ఎచ్చటను కానరావు. ఈ నవల నాశ్రయించి పుట్టిన చిత్రములను, టీకలను పరిశీలించువారు దీనిని మరువరాదని మా అభిప్రాయము.

ఆ పేర్లు ఎచ్చటినుండి వచ్చినవి? 1920లో జాయిస్ ఇటలీ రచయితయగు కార్లో లినాటికి ఒక పట్టికను పంపెను. ప్రతి ప్రకరణమునకును హోమరు కావ్యమునుండి ఒక పేరు, వేళ, వర్ణము, శరీరావయవము మున్నగునవి అందు కలవు. అట్టి మరియొక పట్టికను స్టూవర్ట్ గిల్బర్ట్ 1930లో తన గ్రంథమున ప్రకటించెను. అనగా ఈ నవలకు తొలి టీకాకారుడు కర్తయే. ఆధారము లేనిదేదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి, మూలమున లేనిదానికి మూలకర్తయే ఆధారమైన ఈ చోట ఏమనియుండెడివాడో!

1935లో న్యూయార్కునందలి లిమిటెడ్ ఎడిషన్స్ క్లబ్బు ఈ నవలను మతీస్ చిత్రములతో 1500 ప్రతులు ముద్రించెను. మతీస్ కొరకు ఆనాటి డబ్లిన్ సచిత్రపత్రికను సంపాదించుటకు జాయిస్ యత్నించెను. ఫలము శూన్యము. మతీస్ నవలను చదువలేదనుట ప్రసిద్ధము. ఆయన చెక్కిన ఆరు ఫలకములును ఒడిస్సీ కథకు సంబంధించినవే. నవలలో డబ్లిన్ పానశాలయందు బ్లూమ్ చుట్టచేతబట్టి వాదించును. అతనిపై బిస్కత్తు డబ్బా విసరబడును. మతీస్ ఫలకమున రాక్షసుని కంట శూలము దిగుచున్నది. పానశాల లేదు, చుట్ట లేదు. ఇది ప్రమాదమని పలువు రందురు. మేము పూర్తిగా అంగీకరింపజాలము. మతీస్ చిత్రించినది నవలను కాదు, పట్టికను. ఆ పట్టిక జాయిస్ సొత్తే గదా.

రిచర్డ్ హామిల్టన్ మార్గము వేరు. ఆయన 1940 దశకమున సైనికసేవలో నుండగా నవలను చదివి, చిత్రప్రయత్నము లారంభించి, దశాబ్దముల పిదప మరల చేపట్టెను. ప్రసూతివైద్యశాల ప్రకరణమున జాయిస్ ఆంగ్లవచనముయొక్క ప్రాచీనశైలులను క్రమముగా అనుకరించి, తుదకు వీథిమాటలలో ముగించెను. హామిల్టన్ తన ముద్రణచిత్రమున ఆ విందుబల్లచుట్టు నున్నవారిని ఒక్కొక్కరిని ఒక్కొక్క యుగపు చిత్రశైలిలో నిలిపెను. కథను గాక రచనావిధానమును బొమ్మకట్టుట యిది. మేమెరిగిన యులిసీస్ చిత్రములలో నిజమైన వ్యాఖ్య యను పేరునకు తగినది ఇదియే.

లిఖితటీకలు క్రమముగా పెరిగినవి: 1968లో థార్న్‌టన్, 1974లో గిఫర్డ్, సీడ్‌మన్‌లు, 2022లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన బృహత్సంపుటము. 1904 నాటి వీథులు, అంగళ్లు, పాటలు వీనివలన నిలిచినవి. విద్యార్థి టీకను ముందు చదివి నవలను పిదప తెరచుటయు వీనివలననే కలిగినది. అతడును ఒకవిధముగా మతీస్ వంటివాడే.

తెలుగున 1969లో వెలువడిన నవీన్ అంపశయ్య ఒక విద్యార్థియొక్క ఒక్కదినపు చైతన్యస్రవంతి. అందలి ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహజీవితము నేటి పరిశోధకవిద్యార్థులకు అప్పుడే పరోక్షమగుచున్నది. ఆ గదులలో నివసించినవారు ఇంకను కొందరు మనమధ్య నున్నారు; వారినడిగి పుటలయంచున వ్రాసికొనుటకు ఇది తగిన సమయము.