సైలెన్సరు కోసిన కథ

సంపాదకులు ఈ ప్రత్యేక సంచికకు "మీ వృత్తికి సంబంధించి ఏదైనా రాయండి" అన్నారు. నేను ముప్పైరెండేళ్లు బస్సుల వర్క్‌షాపులో డీజిలు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. అయినా నేను రాయబోయేది నాకు తెలిసిన డీజిలు ఇంజను గురించి కాదు, తెలుసనుకుని భంగపడిన చిన్న టూస్ట్రోక్ ఇంజను గురించి.

1993లో మా పెద్దవాడు సెకండ్ హాండ్‌లో ఆర్‌ఎక్స్ 100 కొన్నాడు. యమహావారి డిజైను, ఎస్కార్ట్స్‌వారు 1985లో మన దేశానికి తెచ్చారు. 98 సీసీ ఇంజను, 11 హార్స్‌పవర్, బండి బరువు సుమారు నూరు కిలోలు. సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టను నడక కూడా అంతే. వాల్వులు లేవు, కామ్‌షాఫ్టు లేదు. కార్బురేటరు దగ్గర గాలిని ఒకే దిక్కుకు పోనిచ్చే పల్చటి రేకులు మాత్రం ఉన్నాయి. "ఇదీ ఒక ఇంజనేనా!" అని నేను నవ్వాను. ఈ బండి పేరుతో 2018లో వచ్చిన సినిమా చూసిన మా మనవడు ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నాడు.

కొన్న నెలకే వాడి స్నేహితులు సైలెన్సరు కోయిస్తే బండి ఇంకా దూసుకుపోతుందని వాడి చెవిలో ఊదారు. వాడు నన్నడిగాడు. పొగ ఎంత సులువుగా బయటికి పోతే ఇంజనుకు అంత హాయి అన్నది డీజిలు దగ్గర నేర్చిన పాఠం. సరే కోయించమన్నాను. ఆ ఆదివారం వాళ్లమ్మను వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం కొండకు బయలుదేరాడు. చప్పుడు ఊరంతా వినబడింది కానీ బండి మాత్రం ఘాట్ ఎక్కలేదు. రెండో మలుపు దగ్గర ఆవిడ దిగి నడవాల్సి వచ్చింది. "ఇంట్లో ఫోర్‌మన్ ఉండి ఏం లాభం?" అని ఆవిడ ఆరోజు అన్న మాట ఇంకా గుర్తుంది.

సిగ్గుపడి, కోసి పారేసిన ముక్కను తెచ్చి హ్యాక్సా బ్లేడుతో నిలువునా చీల్చి చూశాను. ఊరికే గొట్టం కాదది. ముందు సన్నగా మొదలై, క్రమంగా లావై, వెనక్కి వచ్చేసరికి మళ్లీ దారి ఇరుకైపోతోంది. చప్పుడు తగ్గించడానికే అయితే ఇంత తంటా ఎందుకు? పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మిత్రుణ్ణి అడిగి, ఆయనిచ్చిన పుస్తకాలు తిరగేస్తే విషయం బోధపడింది.

టూస్ట్రోకులో తాజా పెట్రోలు గాలి లోపలికి వచ్చే సమయానికి పొగ పోయే రంధ్రం ఇంకా తెరిచే ఉంటుంది. వచ్చిన సరుకులో కొంత కాలకుండానే పొగతోపాటు బయటికి జారుకుంటుంది. అదే దాని జన్మదోషం. దీనికి మందు శబ్ద తరంగంలోనే ఉంది. రంధ్రం తెరుచుకోగానే ఒక పీడన తరంగం గొట్టంలోకి పరుగెడుతుంది. గొట్టం లావయ్యే చోట దాని ప్రతిధ్వని పీల్పుగా వెనక్కి వచ్చి పొగను లాగేస్తుంది. ఇరుకయ్యే చోట తగిలిన తరంగం తోపుగా తిరిగి వచ్చి, బయటికి జారిన పెట్రోలు గాలిని రంధ్రం మూసుకునే లోపల సిలిండరులోకి నెట్టేస్తుంది. నిమిషానికి 7500 చుట్ల దగ్గర ఒక చుట్టుకు పట్టేది సెకనులో నూట ఇరవై అయిదో వంతు. అందులో సగంకంటే తక్కువ వ్యవధిలో ఈ రాకపోకలన్నీ ముగియాలి. గొట్టం పొడవు మారితే తాళం తప్పుతుంది. మేము కోయించింది ఆ తాళాన్నే.

ఈ విద్యను పట్టి పరిపూర్ణం చేసినవాడు తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. సాక్సనీలోని చోపావ్ అనే చిన్న ఊళ్లో ఎంజడ్ మోటారు సైకిళ్ల ఫాక్టరీ ఉండేది. యుద్ధానికి ముందు అదే డీకేడబ్ల్యూ. యుద్ధం తర్వాత యంత్రాలను రష్యావారు పట్టుకుపోయారు. 1953లో కాడెన్ అక్కడి రేసింగ్ విభాగంలో చేరాడు. డబ్బుకు కరువైన ఆ చోట ఆసిలోస్కోపు పెట్టి గొట్టంలోని పీడన తరంగాలను పరీక్షించాడు. తిరిగే పళ్లెం వాల్వు పెట్టాడు, సిలిండరులో అదనంగా మూడో దారి తెరిచాడు. 1961కి ఆయన 125 సీసీ ఇంజను 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అంటే లీటరుకు 200. బయటినుంచి గాలిని బలవంతంగా నింపే యంత్రం లేకుండా అంత శక్తి అంతకుముందు ఏ పెట్రోలు ఇంజనూ ఇవ్వలేదు.

ఆ ఏడాది ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ ప్రపంచ చాంపియన్ కావడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబరులో స్వీడన్ పందెంలో ఇంజను చెడిపోయింది. డెగ్నర్ మళ్లీ స్వదేశం పోలేదు. భార్యనూ పిల్లలనూ కారులో దాచి సరిహద్దు దాటించే ఏర్పాటు ముందే జరిగింది. అతను జపాను సుజుకీవారి దగ్గర చేరాడు. 1962లో సుజుకీకి 50 సీసీ ప్రపంచ పోటీ గెలిచి పెట్టాడు. టూస్ట్రోకుకు అదే మొదటి ప్రపంచ కిరీటం. నకళ్లూ విడిభాగాలూ పట్టుకుపోయాడంటారు. అతని తలలో ఉన్నదే చాలునని నా అనుమానం.

డెగ్నర్‌ను నేను తప్పు పట్టలేను, ఆలుబిడ్డలున్న మనిషి. నా సానుభూతి మాత్రం కాడెన్ పక్షమే, వర్క్‌షాపు మనిషిని కదా! పిలిచినవాళ్లు లేకపోలేదు, అయినా ఆయన చోపావ్‌లోనే ఉండిపోయాడు. ఎంజడ్ రోడ్డు రేసుల్లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఎన్నడూ గెలవలేదు. ఆయన ఆలోచన మాత్రం జపాను టూస్ట్రోకులన్నిటిలోకీ పాకింది, చివరికి మా వాడి బండి సైలెన్సరులోకీ వచ్చింది.

కాడెన్ 1996 మార్చిలో కన్నుమూశాడు. ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిందీ ఆ ఏడాదే. పొగ నిబంధనలు 1996లోనూ, మళ్లీ 2000లోనూ బిగిశాయి. తరంగం ఎంత నెట్టినా కొంత పెట్రోలు జారుతూనే ఉంటుంది, కలిపిన నూనె పొగ సంగతి సరేసరి. మన ఊపిరితిత్తులకు అది మంచి నిర్ణయమే. ఇది ఆ బండి నడిపినవాళ్లకు చెబితే మాత్రం వినరు.

కొత్త సైలెన్సరు నా డబ్బుతోనే కొనిచ్చాను. ఆ మరుసటి ఆదివారం ఘాట్ మూడో గేరులో ఎక్కింది, ఆవిడ దిగలేదు. చీల్చిన పాత ముక్క మా అటక మీద ఉంది. చూడాలనుకునే మిత్రులు పెన్షను రోజున కబురు పెడితే సంఘం ఆఫీసుకు తెస్తాను.