నాడి మీద వేళ్లు

చేదు. ముందు నాలుక మొద్దుబారుతుంది, తరువాత పెదవులు. వేపచెక్క పొడి దీనికన్నా ఎంతో నయం. మింగు. రెండో చెంచా అప్పుడే నోటి ముందుకు వచ్చేసింది.

ఒంటినిండా తెల్లసుద్ద పూశారు. పొద్దున్నుంచి కడుపులో మెతుకు లేదు. గుడిలో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చున్నావు. ఒకూమే చెట్టు బంకతో చేసిన దివిటీ మండుతోంది. పొగలో సాంబ్రాణి లాంటి వాసన. పక్కనే ఎనిమిది తీగల న్గోంబి మోగుతోంది. ఇది గబాన్ దక్షిణాన, మిత్సోగో తెగవాళ్ల ఊరు. బ్విటీ అనే వీళ్ల మతంలో దీక్ష మొదలైంది. ఈ రాత్రికి నీ పేరు బాంజీ. అంటే, దీక్ష పుచ్చుకునే బిడ్డ.

నిన్ను ఆనుకుని ఒకామె కూర్చుంది. ఈ దీక్షకు నీ తల్లి ఆమె. నువ్వు లేచేదాకా ఆమె పడుకోదు.

చెంచాలోని ఈ పొడి ఇబోగా వేరుది. ఆ వేరు తవ్వడం పొద్దున నువ్వు చూశావు. పెరట్లో ఒక పొద, నీ ఛాతీ ఎత్తు, నారింజ రంగు కాయలు. ఆకు తుంచితే పాలు కారాయి, మన నందివర్ధనంలాగే. నందివర్ధనం, బిళ్లగన్నేరు, ఇబోగా అన్నీ ఒకే కుటుంబం మరి. దీక్ష ఇచ్చే పెద్దాయన పొదను మొదలంటా పీకలేదు. పక్కవేరు ఒకటి కోసుకుని, మిగతా వేళ్ల మీద మట్టి కప్పి కాలితో అదిమాడు. అడవిలో ఈ పొదలను దొంగలు బతకనివ్వడం లేదన్నాడు. గబాన్ ఇబోగాను 2000లో జాతి వారసత్వంగా ప్రకటించింది, 2019లో ఎగుమతి ఆపేసింది. అయినా ఆ వేరుకు బయటి దేశాల్లో ధర పెరుగుతూనే ఉంది.

ఎందుకంత గిరాకీ? నువ్వు ఎందుకు వచ్చావో గుర్తు తెచ్చుకో. 1962లో హోవార్డ్ లోట్సాఫ్ అనే 19 ఏళ్ల కుర్రాడు, హెరాయిన్‌కు బానిస, కొత్త మత్తు చూద్దామని ఇబోగైన్ మింగాడు. ఈ వేరులోంచి ఫ్రెంచివాళ్లు 1901లో విడదీసిన పదార్థం అది. మత్తు దిగాక చూసుకుంటే హెరాయిన్ కావాలనే తపన లేదు. మానేస్తే ఒళ్లు పడే నరకయాతనా లేదు. ఆ తరువాత అమెరికా దాన్ని నిషేధించింది. అతను మాత్రం జీవితమంతా దాని వెంటే నడిచాడు. 2024లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తల ఫలితాలు వచ్చాయి. తలకు దెబ్బలు తగిలిన 30 మంది మాజీ సైనికులు మెక్సికోలో ఇబోగైన్ తీసుకున్నారు, నెల తరువాత వాళ్ల కుంగుబాటు, ఆందోళన బాగా తగ్గాయి. నువ్వు చదివింది అంతవరకే. వాళ్ల గుండెను కాపాడటానికి మెగ్నీషియం ఎక్కించారన్న వాక్యం మీద నీ చూపు నిలవలేదు.

మూడో చెంచా. మింగు.

చెవుల్లో హోరు మొదలైంది. తుమ్మెదలు గుంపుగా తలలోకి దూరినట్టు. దివిటీ కదిలిన చోటల్లా వెలుగు తోకలా సాగుతోంది. చెయ్యి ఎత్తబోతే ఎక్కడికో పోతోంది. కళ్లు మూసుకో. బొమ్మలు! తాతగారింటి అరుగు. చెంబుతో నీళ్లు. చనిపోయిన మనిషి వెనక్కి తిరిగి నిన్ను చూస్తున్నాడు. కళ్లు తెరిస్తే గుడి, మూస్తే ఆ అరుగు. నిద్ర పట్టలేదు, అయినా కల నడుస్తోంది. పూర్వీకుల ఊరికి వెళ్లొస్తావని వీళ్లంటారు. ఆ మాటను కొట్టిపారెయ్యడానికి ఇప్పుడు నీకు నోరు రాదు.

వాంతి. ఆమె గిన్నె పట్టుకుంది. మళ్లీ వాంతి.

బయటికి పోవాలి. గాలి కావాలి. లేస్తావా?

లేచావు. నేల ఒరిగిపోయింది. కళ్ల ముందు నలుపు. ఆమె రెండు చేతులూ నీ చంకల కింద ఉన్నాయి. చాప మీదికి దించింది. రెండు వేళ్లు నీ మణికట్టు మీద పెట్టింది.

లెక్కపెడుతోంది. ఆగింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతోంది.

నీకూ తెలుస్తోంది. ఒక దెబ్బ. ఖాళీ. ఇంకో దెబ్బ. ఖాళీ పెద్దదైంది.

నొప్పి లేదు. అదే భయం. కళ్ల వెనక ఇంత హోరు, రొమ్ములో చప్పుడే లేదు.

"బిడ్డా, ఏటి దగ్గర అన్నీ చెప్పావా?"

ఏరు. మధ్యాహ్నం. ఆకులు కలిపిన నీళ్లతో నీకు స్నానం చేయించి అడిగింది: లోపల దాచుకున్నదంతా నీళ్లకు చెప్పెయ్యి అని. అన్నతో గొడవ చెప్పావు. అప్పు చెప్పావు. పాపాల లెక్క అనుకున్నావు. రెండేళ్లుగా వేసుకుని పది రోజుల కిందట మానేసిన ఫ్లూక్సెటిన్ మాత్రల సంగతి చెప్పలేదు. అది పాపం కాదు కదా.

చెప్పు. ఇప్పుడు చెప్పు.

"మాత్రలు, అమ్మా. మనసు బాలేక. మానేశాను."

"ఎప్పుడు?"

"పది రోజులు."

ఆమె తిట్టలేదు. పెద్దాయన వైపు తిరిగి ఒక్క మాట అంది. నాలుగో చెంచా గిన్నెలోకి వెళ్లిపోయింది. న్గోంబి మాత్రం ఆగలేదు.

ఏమవుతోంది నీ లోపల? గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కణాల్లోంచి పొటాషియం బయటికి పోవాలి. అప్పుడే తరువాతి దెబ్బకు అది సిద్ధమవుతుంది. ఇబోగైన్ ఆ దారికి అడ్డం పడుతుంది. గుండె తేరుకోవడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో ఒక తప్పుడు దెబ్బ పడితే లయ చెదిరి, గుండె కొట్టుకోదు, వణుకుతుంది. నువ్వు మానేసిన మాత్ర ఇంకా ఒంట్లోనే ఉంది, అది పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. కాలేయంలో ఇబోగైన్‌ను మార్చే ఎంజైమ్‌ను అది అణచేస్తుంది. మూడు చెంచాలు నీ ఒంటికి మూడే కావు.

ఈసీజీ ఉంటే ఇదంతా గీతల్లో కనిపించేది. ఈ ఊళ్లో ఈసీజీ లేదు. ఆమె వేళ్లున్నాయి.

"పట్టణం పోదామా?" ఎవరో అడిగారు. గుంతల ఎర్రమట్టి రోడ్డు. చీకటి. వాంతులు. ఆమె నీ ముఖం చూసింది. తల అడ్డంగా ఊపింది. తెల్లారనీ.

పక్కకు తిరిగి పడుకో. లేవకు. నీళ్లు చుక్కచుక్కగా. ఒక దెబ్బ. ఖాళీ. దెబ్బ.

హోటల్ గదుల్లో ఒంటరిగా మింగినవాళ్ల మణికట్టు మీద ఎవరి వేళ్లుంటాయి? 1990 నుంచి 2008 వరకు, ఆఫ్రికాలోని ఈ ప్రాంతానికి బయట, ఇబోగైన్ తరువాత పోయిన 19 ప్రాణాల వివరాలు వైద్యులు వెతికి తీశారు. చాలామందికి ముందే గుండెజబ్బు ఉంది, లేదా ఒంట్లో మరో మందు ఉంది. కొందరు గంటన్నరకే పోయారు. చివరివారు 76 గంటలకు.

తూరుపు తెల్లబడుతోంది. కోడి కూసింది. బొమ్మలు పలచబడ్డాయి. దెబ్బలు కొంచెం దగ్గరపడ్డాయి. బయట బండి ఇంజను చప్పుడు. గండం గడిచిందని లేవబోయావు.

ఆమె అరచెయ్యి నీ రొమ్ము మీద పడింది. నిన్నటి రాత్రి ఎంత లోతుగా చూసిందో ఇప్పుడూ అంతే లోతుగా చూస్తోంది. ఇంకా మూడు రోజులు కనిపెట్టుకుని ఉంటానంది. ఆసుపత్రికి తానూ వస్తానంది.

"వాళ్లూ అడుగుతారు. ఇంకేమైనా దాచావా?"

లేదనబోయావు. మెట్లు గుర్తొచ్చాయి. రెండేళ్ల కిందట, మూడో అంతస్తు ఎక్కుతూ కళ్లు తిరిగి పడిపోయావు. ఎండదెబ్బ అనుకున్నావు. ఎవరికీ చెప్పలేదు.

"ఉందమ్మా," అంటున్నావు.