అద్దం: చూపించేదీ, దాచేదీ

ముమ్మిడివరంలో కొత్తగా కట్టిన ఇంట్లో పూజగది తలుపుకి శంఖచక్రనామాలో, కలశమో దిద్దిన అద్దం కనిపించడం మామూలే. ‘అద్దం’ సంస్కృత ‘ఆదర్శం’ నుంచి ప్రాకృతం మీదుగా మనకొచ్చింది. ఆదర్శమంటే మొదట ముఖం చూసుకునేదే. మనవాళ్లు కిటికీకి బిగించే పలకనీ అద్దమే అన్నారు. ‘గాజు’ అనొచ్చుగా అంటే, ఆ మాటని ఆడవాళ్ల చేతులు ముందే తీసేసుకున్నాయి! చూపులోంచి పుట్టిన మాటే ఇప్పుడు చూపుని ఆపే పలకకీ పేరైంది.

అద్దం మీద ఇలా బొమ్మలు దిద్దే పని పేరు శాండ్‌బ్లాస్టింగ్. 1870లో అమెరికాలో బెంజమిన్ టిల్గ్‌మన్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. పలక మీద వినైల్ స్టిక్కర్ అతికించి, బొమ్మ మేరకు కోసి ఒలిచి, గాలి ఒత్తిడితో రేణువులు కొడతారు. తగిలినచోట అద్దం గరుకెక్కి తెల్లబారుతుంది. స్టిక్కర్ కింద నునుపు చెక్కుచెదరదు. పేరులో ఇసుక ఉన్నా, పక్కనే గౌతమి పారుతున్నా, ఇసుక మాత్రం వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. అల్యూమినియం ఆక్సైడ్ మేలు.

స్నానాలగదికి ఇలాంటి అద్దం పెట్టించుకునేవారు గరుకువైపు బయటికి ఉండేలా చూసుకోండి. ఆ వైపు తడిస్తే లోపలిది బయటికి కనబడుతుంది.