టెలిటైపు కాలం నాటి లాగిన్

కొత్త సిస్కో రౌటర్‌కి మామూలుగా ఐపీ అడ్రసు ఉండదు. కాబట్టి నెట్‌వర్కు మీదుగా దాన్ని చేరలేం. కన్సోల్ పోర్టుకి కేబుల్ తగిలించి, రెండో కొసను ల్యాప్‌టాప్‌కి కలిపి, టెర్మినల్ ప్రోగ్రాములో వేగం 9600 అని పెడితేనే తెర మీద అక్షరాలు కనిపిస్తాయి. గిగాబిట్ల డేటాను దాటించే యంత్రంతో మొదటి పరిచయం సెకనుకు 9600 బిట్లతోనే!

బిట్లను ఒకదాని వెనక ఒకటిగా పంపే ఈ సీరియల్ పద్ధతి వయసు అరవై ఏళ్ల పైమాటే. దీనికి ఆధారమైన ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో వచ్చింది. అప్పటి టెర్మినల్ అంటే కీబోర్డూ, కాగితపు చుట్టా ఉన్న టెలిటైపు. 1963 నాటి మోడల్ 33 సెకనుకు పది అక్షరాలు కొట్టేది.

1969లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మొదలైనప్పుడే టెల్‌నెట్ ఆలోచనా పుట్టింది. దూరాన ఉన్న మనిషి పక్కనే టెలిటైపు ముందు కూర్చున్నాడని కంప్యూటర్‌ను నమ్మించడమే దాని పని. 1983లో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ ఆర్‌ఎఫ్‌సీ 854 అనే ప్రమాణ పత్రంతో దానికి స్థిరరూపం ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది పుట్టిన సిస్కో కూడా ఆ ఊహనే తీసుకుంది. దాని కాన్ఫిగరేషన్‌లో 'లైన్ కాన్ 0' అంటే ఎదురుగా ఉన్న పోర్టు. 'లైన్ వీటీవై 0 4' అంటే నెట్‌వర్కు మీదుగా ఒకేసారి ఐదుగురు రాగల ఐదు ఊహా టెర్మినళ్లు.

ఈ రెంటి స్వభావం వేరు. పాస్‌వర్డు పెట్టకపోతే వీటీవై ఎవరినీ రానివ్వదు. కన్సోల్ మాత్రం ఏమీ అడగకుండా లోపలికి పంపేస్తుంది. రౌటర్ దాకా నడిచి వచ్చినవాడు నమ్మదగినవాడే అన్న లెక్క అది. మెట్ల కింద, వరండాలో రౌటర్లు వేలాడే మన ఆఫీసుల్లో ఆ లెక్క చెల్లదు. కన్సోల్‌కీ యూజర్‌నేమ్, పాస్‌వర్డు పెట్టి తీరాలి.

టెల్‌నెట్‌లో ఇంకా పెద్ద లోపం ఉంది: పాస్‌వర్డు తీగ మీద ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఫిన్లాండ్‌లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు అలాగే దొంగల పాలయ్యాయి. దాంతో అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ 1995లో, అంతా గుప్తలిపిలో పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. నెట్‌వర్కు సేవలకు ఇచ్చే పోర్టు నంబర్లలో ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీ. ఆ నంబరు కావాలని ఇలోనెన్ ఈమెయిల్ రాస్తే మర్నాటికల్లా మంజూరైంది. మంజూరు చేసింది టెల్‌నెట్ ప్రమాణం రాసిన జాయిస్ రేనాల్డ్సే! ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

ఇప్పుడు రౌటర్‌కి హోస్ట్‌నేమ్, డొమైన్ పేరు పెట్టి, ఆర్‌ఎస్‌ఏ కీ తయారుచేసి, యూజర్‌ని సృష్టించి, వీటీవై కింద 'లాగిన్ లోకల్', 'ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్‌ఎస్‌హెచ్' అని రాస్తే టెల్‌నెట్ తలుపు మూతపడుతుంది.

అయినా కన్సోల్ పోర్టు పోలేదు. పాస్‌వర్డు మరిచినా, ఐపీ తప్పుగా రాసినా దిక్కు అదే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ నెట్‌వర్కు కూలినప్పుడు దూరం నుంచి చేరే దారులన్నీ మూసుకుపోయి, ఇంజినీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. అందుకే పెద్ద సంస్థలు కన్సోల్ పోర్టులన్నిటినీ ఒక కన్సోల్ సర్వర్‌కి కలిపి, దానికి అసలు నెట్‌వర్కుతో సంబంధం లేని వేరే కనెక్షన్ ఇస్తాయి.